ఒక ఇంటికి ఒకటే పొయ్యి

మా పిన్ని పొట్టి మనిషి. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఆమె కష్టాలు సగం అక్కణ్ణుంచే మొదలయ్యాయి కాబట్టి. మా ఇంట్లో వంటగట్టు మా అమ్మ ఎత్తుకి కట్టించింది. మా అమ్మ నిట్టాడంత పొడుగు మనిషి. ఆ గట్టు మీదున్న పొయ్యి దగ్గర నిలబడాలంటే పిన్ని కింద పీట వేసుకోవాలి. పీటెక్కి కూర కలుపుతున్న పెద్దమనిషిని చూస్తే కొత్తవాళ్ళకి నవ్వొచ్చేది. ఆ నవ్వు పిన్ని చెవిన పడిందా, ఆ పూట కూరలో కారం నషాళానికి అంటేది.

పిన్ని అంటే మా బాబాయి భార్య. నాన్నకి బాబాయి ఒక్కడే తమ్ముడు. నాన్నది బజారులో ఫొటోలకి ఫ్రేములు కట్టే షాపు. బాబాయి బస్సు డిపోలో టికెట్ల కౌంటరులో కూర్చుంటాడు. ఇల్లు నాన్న పేరు మీదే ఉంది గాని కట్టడానికి ఇద్దరూ చెయ్యి వేశారు. పిన్నికీ బాబాయికీ పిల్లలు లేరు. ఈ మాట చెప్పగానే 'అయ్యో పాపం' అనేవాళ్ళుంటారు. అనక్కర్లేదు. ఆ విషయంలో పిన్నికి ఏ బెంగా ఉన్నట్టు నాకు ఎప్పుడూ కనబడలేదు. ఆమెకున్న బెంగ ఒక్కటే, సొంత పొయ్యి.

విచిత్రం ఏమిటంటే ఆమె ఉద్యోగమే వంట. బట్టల మిల్లు క్యాంటీన్‌లో పెద్ద వంటమనిషి ఆమె. అక్కడి పొయ్యిలు నేలకి మోకాలెత్తులో ఉంటాయి, ఒక్కొక్కటీ బండి చక్రమంత. పొడుగాటి గరిటె పట్టుకుని వాటి మధ్య తిరుగుతుంటే ఆమె పొట్టిదన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. నేను ఒకసారి టిఫిన్ డబ్బా మర్చిపోయిందని తీసుకెళ్ళాను. నలుగురు మగవాళ్ళు ఆమె ఏం చెప్తుందా అని నోటివంక చూస్తూ నిలబడి ఉన్నారు. "మూత తియ్యండి, మంట తగ్గించండి, నీ మొహం కాదు, గిన్నెలో చూడు" అని గదమాయిస్తోంది. ఇంట్లో నేను ఎప్పుడూ వినని గొంతు అది.

మిల్లంతటికీ వండిపెట్టిన ఆ మనిషే మధ్యాహ్నం ఇంటికొచ్చి, వంటింటి గుమ్మం దగ్గర ఆగి, "అక్కా, నీ పని అయిందా?" అని అడిగేది.

"ఇంకా లేదు" అనేది మా అమ్మ, వెనక్కి తిరగకుండానే.

మా అమ్మ గయ్యాళి కాదు. అలా రాస్తే నన్ను ఇంట్లోకి రానివ్వదు గాని, నిజంగానే కాదు. ఆమె వంటింటిని తన చేతివేళ్ళంత సొంతంగా చూసుకునేది. డబ్బాలు ఏ వరసలో పెట్టిందో ఆ వరసలోనే ఉండాలి. పిన్ని వంట చేసి వెళ్ళాక అమ్మ ఒక్కొక్క డబ్బానే పక్కకి జరిపేది. ఒక్కోసారి అంగుళం కూడా జరిపేది కాదు, ఊరికే చెయ్యి వేసి తీసేది. అది చూసి పిన్ని మొహం మాడ్చుకునేది. అమ్మ వండిన కూర పిన్నికి చప్పగా ఉండేది, పిన్ని వండింది అమ్మకి మంటగా ఉండేది. ఇద్దరూ నోరెత్తి పోట్లాడుకున్నది తక్కువ. గిన్నెలు చేసే చప్పుడును బట్టి ఆ రోజు యుద్ధం ఎంతవరకు వచ్చిందో నేను పక్కగదిలోంచి చెప్పగలిగేదాన్ని.

రెండో వంటిల్లు కట్టుకోవచ్చుగా అని అందరూ అడుగుతారు. కట్టుకోనివ్వంది మునిసిపాలిటీ. మా ఊళ్ళో ఇంటిపన్ను ఇంటిని చూసి వేసేవాళ్ళు కాదు, వంటిళ్ళని చూసి వేసేవాళ్ళు. ఒక కప్పు కింద ఒక పొయ్యి ఉంటే అది ఒక సంసారం, మామూలు పన్ను. రెండో పొయ్యి కంటబడిందంటే ఆ ఇల్లు 'పలు కుటుంబాల నివాసం' అయిపోయేది, పన్ను మూడింతలయ్యేది. దీని వెనక మంచి ఉద్దేశమే ఉందట. అన్నదమ్ములు కలిసి ఉంటే నీళ్ళ వాడకం తక్కువ, చెత్త తక్కువ, కాలవల ఖర్చు తక్కువ, కాబట్టి కలిసున్నవాళ్ళకి పన్నులో మేలు చెయ్యాలని. రసీదు మీద 'ఉమ్మడి కుటుంబ రాయితీ' అని లావు అక్షరాలతో అచ్చు కూడా వేసేవాళ్ళు. ఆ ఆలోచన ఏ మహానుభావుడి బుర్రలో పుట్టిందో తెలీదు. ఆయన మాత్రం జన్మలో ఒక్కపూటైనా తోడికోడళ్ళ మధ్య నిలబడి కూరగాయలు తరిగి ఉండడు. రాయితీ పుచ్చుకున్నది మా నాన్నా బాబాయీ. కలిసున్నది మా అమ్మా పిన్నీ.

మా వీధిలో ఇళ్ళన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములు. ఎవరికి వాళ్ళు దొంగపొయ్యి ఒకటి దాచుకునేవాళ్ళు, మంచం కిందో స్నానాలగదిలోనో. పన్ను చూడ్డానికి వచ్చే ఉద్యోగిని అందరం 'వంటిళ్ళాయన' అనేవాళ్ళం. అసలు పేరు ఎవరికీ తెలీదు. ఆయన వీధి మొదట్లో కనబడగానే మొదటి ఇంటావిడ బాల్చీ బోర్లించి దబదబా బాదేది. ఆ చప్పుడుకి వీధంతా కొంపలు మునిగినట్టు పరుగులు. ఆయనా తక్కువవాడేం కాదు. ఇంట్లోకి రాగానే మంచినీళ్ళడిగి, తాగుతూ తాగుతూ గోడకి చెయ్యి ఆనించేవాడు. గోడ వెచ్చగా ఉందా, అంతే సంగతులు. ఒకరింట్లో ఊయల కింద పొయ్యి దొరికితే, "పసిపిల్ల ఉడుకుతోందేమో చూసుకోండమ్మా" అన్నాడట.

పిన్ని కూడా ఒకసారి తెగించింది. మా ఇంటి వెనకాల రేకుల గది ఒకటుంది. నాన్న షాపులో మిగిలిన అద్దం ముక్కలూ విరిగిన ఫ్రేములూ అందులో పడేసేవాడు. అందులో ఒక మూల శుభ్రం చేసుకుని, కరెంటు పొయ్యి ఒకటి కొని పెట్టుకుంది. కొన్నాళ్ళపాటు ఆమె నవ్వుతూ తిరగడం చూశాను. నన్ను పిలిచి బంగాళాదుంపలు వేయించి పెట్టేది. "ఎట్లా ఉంది?" అని అడిగి నేను నోరు తెరిచేలోపే, "బాగుంది, నాకు తెలుసులే" అనేది.

వంటిళ్ళాయన వచ్చిన రోజు ఆమె ఇంట్లోనే ఉంది. బాల్చీ చప్పుడు వినగానే కాలుతున్న పొయ్యిని గిన్నెతో సహా ఆ గదిలోనే ఉన్న పాత చెక్కబీరువాలో పెట్టి, తలుపు మూసి, దాని ముందు స్టూలు వేసుకుని చీరకి ఫాల్ కుడుతూ కూర్చుంది. ఆయన వచ్చాడు, నీళ్ళు తాగాడు, గోడ ముట్టుకున్నాడు. గోడ చల్లగా ఉంది. వెళ్ళిపోతున్నాడు కూడా. అప్పుడు, ఆ పూట డ్యూటీ లేక ఇంట్లోనే ఉన్న మా బాబాయి ముందుకొచ్చి, "అయ్యా, మా వల్ల పొరపాటు జరిగింది" అని బీరువా తలుపు తీశాడు. లోపల్నుంచి గుప్పున ఆవిరి వచ్చింది. "వేడినీళ్ళకని తెచ్చాం, ఈ పూటే తీసేస్తాం" అన్నాడు. ఆయన బాబాయి నిజాయితీకి ముచ్చటపడి ఏమీ రాసుకోకుండా వెళ్ళిపోయాడు. సాయంత్రానికల్లా బాబాయి ఆ పొయ్యి తీసుకెళ్ళి డిపోలో ఎవరికో ఇచ్చేశాడు.

బాబాయి పిరికివాడని అప్పుడు అందరం అనుకున్నాం. నోట్లో నాలుక లేని మనిషి, ప్రభుత్వమంటే భయం, పాపం అనుకున్నాం. పిన్ని కూడా అలాగే అనుకుంది. "ఆయన తప్పేముందిలే, పన్ను అట్లాంటిది" అంది నాతో, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ తర్వాత మా ఇంట్లో ప్రతి ప్రశ్నకీ పన్నే జవాబు. పిన్ని గట్టు కాస్త తగ్గించమంటే, వంటింట్లో మేస్త్రీ కనబడితే రెండోది కడుతున్నారనుకుంటారు, పన్ను అనేవాడు బాబాయి. పోనీ అద్దెకి వేరే వెళ్దామంటే, సొంత ఇల్లుండగా అద్దె ఒకచోటా పన్ను ఒకచోటా ఏమిటి అనేవాడు. "నేనేం చెయ్యను చెప్పు, రూలు నేను పెట్టానా?" అని రెండు చేతులూ చూపించేవాడు. నిజమే కదా, ఆయన పెట్టలేదు. కోపం తెచ్చుకోవడానికి ఎదురుగా మనిషి లేకపోతే ఆ కోపం ఎక్కడికి పోతుంది? పిన్ని దాన్ని మింగి, పీటెక్కి వంట చేసేది. ఏళ్ళు గడిచాయి. నేను చదువు ముగించి ఒక మందుల షాపులో లెక్కలు చూసే పనిలో చేరాను. పిన్ని జుట్టు చెవుల దగ్గర తెల్లబడింది. గుమ్మం దగ్గర ఆగి అడిగే ఆ మాట మాత్రం మారలేదు.

అలాంటి రోజుల్లో మునిసిపాలిటీ వాళ్ళు ఒక సభ పెట్టారు. ఇంటిపన్ను పద్ధతి మార్చాలనుకుంటున్నాం, పౌరులు వచ్చి తమ అభిప్రాయం చెప్పండి అని మైకు కట్టిన ఆటో తిరిగింది. పిన్ని ఆ రోజు సెలవు పెట్టింది. జ్వరమొచ్చినా సెలవు పెట్టని మనిషి. "నువ్వూ రావే, ఒక్కదాన్నే అయితే కాళ్ళు వణుకుతాయి" అని నన్నూ లాక్కెళ్ళింది.

హాలు నిండిపోయింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గాని గాలి మాత్రం వేదిక మీదవాళ్ళకే తగులుతోంది. పన్నుల అధికారిణి కళ్ళజోడు సర్దుకుంటూ, వంటిళ్ళు లెక్కపెట్టడానికయ్యే ఖర్చు పన్నులో సగం మింగేస్తోందనీ, పైగా జనం పొయ్యిలు దాచి అగ్నిప్రమాదాలు తెచ్చుకుంటున్నారనీ ముందే ఒప్పుకుంది. ఇక పన్ను ఎలా వెయ్యాలో మీరే చెప్పండి అంది. చెప్పడానికి మనవాళ్ళకి మొహమాటమా? ఎవరి ఆదాయాన్ని బట్టి వాళ్ళకి వెయ్యండి అన్నాడు ఒక జీతగాడు. బట్టల కొట్టాయన వెంటనే లేచి తనకి ఆదాయమే లేదన్నాడు. హాలంతా గొల్లుమంది. తలకింత అని వేసి ఊరుకోండి అన్నాడు ఆరు ఇళ్ళున్న పెద్దమనిషి ఒకాయన. బండ్ల మీద వెయ్యండి అని బండి లేనాయన, నీళ్ళ మీద వెయ్యండి అని బోరున్నాయన. ప్రతివాళ్ళూ పక్కవాడి జేబు వైపే వేలు చూపిస్తున్నారు.

అప్పుడు పిన్ని లేచింది. లేచినా లేచినట్టు ఎవరికీ తెలియలేదు. నేను చెయ్యి పైకెత్తి, "ఇక్కడ, ఇక్కడ" అని అరిస్తే మైకు తెచ్చిచ్చారు.

"నేను క్యాంటీన్‌లో వంట చేస్తానండీ" అంది. "మా దగ్గర పెద్ద ప్లేటు తిన్నవాళ్ళు ఎక్కువిస్తారు, చిన్న ప్లేటు తిన్నవాళ్ళు తక్కువిస్తారు. ఎవరు ఎవరి పక్కన కూర్చుని తిన్నారని మేం అడగం. అది మాకెందుకు? మీరూ అంతే చెయ్యండి. ఇల్లు ఎంతుందో కొలుచుకుని దానికి పన్ను తీసుకోండి. లోపల మేం ఎన్ని పొయ్యిలు పెట్టుకుంటామో, ఎవరితో కలిసి తింటామో మాకు వదిలెయ్యండి. మనిషికి ఎంతుందో చూసి తీసుకోవాలి గాని, ఎట్లా బతుకుతున్నాడో చూసి తీసుకుంటే ఎట్లాగండీ?"

చప్పట్లు మోగాయి. మా వీధి ఆడవాళ్ళయితే ఈలలు వెయ్యడం ఒక్కటే తక్కువ. ముందు వరసలో కూర్చున్న రిటైరైన టీచరుగారు మెల్లగా లేచి, "బాగానే చెప్పారమ్మా. మరి పెద్ద ఇల్లుండి చేతిలో ఏమీ లేనివాళ్ళ సంగతి? నేను ఒంటరిదాన్ని, మా ఆయన కట్టిన ఇంట్లో ఉంటున్నాను. కొలిచి పన్ను వేస్తే నేను గదులు తినాలా?" అంది. పిన్ని తడబడింది. "అది నాకు తెలీదండీ. నా సంగతి నేను చెప్పుకున్నాను" అని కూర్చుంది. దారి పొడుగునా ఆ టీచరుగారి గురించే బాధపడింది. "ఆమెకి నేనేమన్నా అన్యాయం చేశానంటావా?" అని రెండుసార్లు అడిగింది. నేను లేదన్నాను.

తర్వాతి ఏడాది కొత్త పద్ధతి వచ్చింది. పిన్ని చెప్పినందుకే వచ్చిందని నేను అనను, చాలామంది అదే అడిగారు. ఇక మీదట కట్టడం వైశాల్యాన్ని బట్టి పన్ను. ఒక హద్దు దాకా తక్కువ రేటు, హద్దు దాటితే మొత్తానికీ ఎక్కువ రేటు. పొయ్యిల ఊసే లేదు. ఆ కబురు తెలిసిన వారం రోజుల్లోనే మా వీధిలో సుత్తుల చప్పుడు మొదలైంది. మంచాల కిందా స్నానాలగదుల్లోనూ అణిగి ఉన్న పొయ్యిలన్నీ వెలుతుర్లోకి వచ్చాయి. ఎవరి ఇంట్లోంచి వాళ్ళ వంట వాసన రావడం మొదలైంది. ఎదురింటి తోడికోడళ్ళు వేరు వంటలు పెట్టుకున్నాక ఒకరినొకరు భోజనానికి పిలుచుకున్నారు. చూస్తే నాకు నవ్వాగలేదు.

పిన్ని రేకుల గది ఖాళీ చేసింది. అద్దం ముక్కలు ఒక్కొక్కటే గోనెలో చుట్టి షాపుకి పంపింది. తను గోడకి ఆనుకుని నిలబడి, తన నడుము ఎత్తులో నాచేత సుద్దముక్కతో గోడ మీద గీత గీయించుకుంది. "గట్టు ఇక్కడికి. దీనికి వెంట్రుకవాసి ఎక్కువైనా మేస్త్రీని ఊరుకోను" అంది. కిటికీ కింద తొట్టి, దాని పక్కన పొయ్యి, డబ్బాలకి రెండు అరలు. గాల్లో చేతులు తిప్పుతూ అన్నీ చూపించింది. లేని కుళాయి కట్టేసింది. పెళ్ళికూతురు కూడా అంత వెలిగిపోదు.

బాబాయి చూశాడు. "ఊఁ, బాగుంది" అన్నాడు. మేస్త్రీని ఎప్పుడు పిలుద్దామని పిన్ని అడిగితే, కొలతలు కానివ్వు అన్నాడు.

కొలతలు అయ్యాయి. వంటిళ్ళాయనే వచ్చాడు, ఈసారి చేతిలో టేపు. గోడలు ముట్టుకునే పని లేక కాస్త దిగులుగా ఉన్నాడు కూడా. అన్నీ కొలిచి, మా ఇల్లు హద్దు దాటిందని చెప్పాడు. ఎంత దాటింది? దాదాపు ఆ రేకుల గదంత.

ఆదివారం మధ్యాహ్నం నాన్నా బాబాయీ భోజనానికి కూర్చున్నారు. అమ్మ వడ్డిస్తోంది. పిన్నికి ఆ రోజు క్యాంటీన్‌లో పని ఉంది, ఆదివారాలు కూడా మిల్లు ఆగదు. నేను వాళ్ళకెదురుగా కూర్చున్నాను.

"ఆ రేకుల గది తీసేస్తే తక్కువ రేటులోకి వస్తాంరా" అన్నాడు నాన్న. "కాని మరదలు దాన్ని వంటకి అడుగుతోందేమో కదా? నువ్వేమంటావు?"

నాన్న అడిగాడు. ఆ మాట నాన్న తరఫున చెప్పి తీరాలి.

బాబాయి ముద్ద కలుపుతూ, "ఎందుకన్నయ్యా ఇప్పుడు రెండు పొయ్యిలు? కొట్టించేద్దాం. నాకు తెలిసిన మేస్త్రీ ఉన్నాడు" అన్నాడు. తల కూడా ఎత్తలేదు. తర్వాత, "వదినా, ఇంకొంచెం కూర వెయ్యి" అన్నాడు.

అమ్మ చేతిలో గరిటె ఆగింది. "ఆ గది ఉండనివ్వండి" అంది. "ఆమె వంట ఆమె చేసుకుంటుంది. నా వంటిల్లు నాకు మిగులుతుంది."

నాన్న పెద్దగా నవ్వాడు. "ఇన్నాళ్ళూ ఉప్పూ నిప్పూలా ఉన్నారు. ఇప్పుడేంటి, ఇద్దరూ ఒక్కమాట మీదకి వచ్చారు?"

అమ్మకి ఆ నవ్వు నచ్చలేదు. అయినా కూర వేసింది.

పిన్నికి ఈ సంగతి ఎలా చెప్పాలా అని నేనింకా తటపటాయిస్తుండగానే మేస్త్రీ మర్నాడే దిగాడు. పిన్ని డ్యూటీ నుంచి వచ్చేసరికి రేకులు విప్పి నేల మీద పరిచేశారు. గోడలు ఆకాశం కింద నిలబడి ఉన్నాయి, ఒకదాని మీద సుద్దగీత. కొత్త వంటిల్లు కట్టడానికి పాత రేకులు తీస్తున్నారనుకుంది ఆమె. మేస్త్రీ దగ్గరికెళ్ళి, "గట్టు గీత చూశావా?" అని సంతోషంగా అడిగింది. "గట్టేంటమ్మా, అంతా కొట్టెయ్యమన్నారు" అన్నాడు అతను. నేను అప్పుడే మందుల షాపు నుంచి వచ్చి పెరటి గుమ్మంలో అడుగు పెట్టాను.

బాబాయి వచ్చేదాకా పిన్ని అక్కడే నిలబడింది. చెప్పులు విప్పుతున్న ఆయన్ని అడిగింది.

"ఏమండీ, ఆ గది నేను దేనికి ఉంచుకున్నానో మీకు తెలీదా?"

"తెలుసు" అన్నాడు బాబాయి.

"తెలిసే కొట్టెయ్యమన్నారా?"

"పన్ను తగ్గుతుంది."

"ఎక్కువయ్యేది నా జీతంలోంచి కడతాను."

"నీ జీతం, నా జీతం అని ఈ ఇంట్లో వేరే ఉందా?"

"ఇన్నేళ్ళూ పొయ్యి పెడితే పన్ను పెరుగుతుందన్నారు" అంది.

"పెరిగేది. అది నిజమే. గది ఉంచితే ఇప్పుడూ పెరుగుతుంది, ఇదీ నిజమే. నేనేమన్నా అబద్ధం చెప్పానా?"

"పోనీ, అసలు పన్నే లేదనుకోండి. ఊళ్ళో ఎవరికీ ఏ పన్నూ లేదు. అప్పుడు కట్టించేవారా?"

బాబాయి చెప్పుల జత గోడవారకి సర్దాడు. ఆయన మొహంలో కోపం లేదు. ఉండుంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. "ఇప్పుడేం తక్కువైందని?" అన్నాడు. "వదిన వండుతోంది, నువ్వు సాయం చేస్తున్నావు, అందరం తింటున్నాం. అలవాటైపోయింది కదా."

అలవాటు. ఆ మాట వింటే నా ఒళ్ళు ఇప్పటికీ మండుతుంది. ఆవిరి కక్కుతున్న ఆ బీరువా తలుపు ఆయన ఎందుకు తీశాడో అప్పుడు నాకు తెలిసింది. ఆయనకి ప్రభుత్వమంటే భయం లేదు, ఏనాడూ లేదు. ఆయనకి రుచిగా, వేళకి, అడక్కుండా జరిగిపోతున్న దాన్ని కదపడం ఇష్టం లేదు, అంతే. పన్ను ఆయన బదులు మాట్లాడి పెట్టింది. పన్నులు ఎలా వెయ్యాలో ప్రభుత్వం ఎన్ని సభలైనా పెట్టి, ఎన్నిసార్లైనా మార్చుకోనీ, కారణం కావాల్సినవాడికి ప్రతి పద్ధతిలోనూ ఒక కారణం దొరుకుతుంది. అది పిన్నికి నాకన్నా ముందే తెలిసినట్టుంది. ఆమె ఏడవలేదు. లోపలికెళ్ళి మొహం కడుక్కుంది.

ఆ మర్నాడు గోడలు కూల్చారు. నేను పిన్నిని ఒక్కటే అడిగాను, "వెళ్ళిపోకూడదా పిన్నీ?" అని. "ఎక్కడికే? క్యాంటీన్‌లో పడుకోనివ్వరు" అంది. తమాషాగానే అంది. నాకు నవ్వు రాలేదు.

సాయంత్రానికి పెరడు ఖాళీ అయింది. ఇటుకలు ఒక పక్కకి పేర్చారు. నాన్నా బాబాయీ కుర్చీలు తెచ్చి సరిగ్గా ఆ గది ఉన్నచోట వేసుకున్నారు. "గాలి ఎంత బాగా వస్తోందిరా" అన్నాడు నాన్న. "ముందే చెయ్యాల్సిందన్నయ్యా" అన్నాడు బాబాయి.

నేను వంటింట్లో ఉన్నాను. అమ్మ పొయ్యి ముందు నిలబడి ఉంది. పిన్ని వచ్చింది. ఎప్పటిలా గుమ్మం దగ్గర ఆగలేదు, పని అయిందా అని అడగలేదు. నేరుగా వచ్చి అమ్మ పక్కన నిలబడింది. పీట వేసుకోలేదు. గట్టు ఆమె రొమ్ముదాకా వచ్చింది. అమ్మ పక్కకి జరగలేదు గాని, పొమ్మని కూడా అనలేదు. పిన్ని మొహం మీదా జుట్టులోనూ సున్నం ధూళి ఉంది. అమ్మ దాని వంక చూసింది.

"టీ పెట్టండి" అని పెరట్లోంచి బాబాయి కేకేశాడు. ఎవరిని అన్నాడో తెలీదు. ఇద్దరిలో ఎవరైనా ఆయనకి ఒకటే.

పాలగిన్నె గట్టు మీదే ఉంది. అగ్గిపెట్టె అమ్మ చేతికి అందేచోట ఉంది. అమ్మ ముట్టుకోలేదు. పిన్ని కూడా ముట్టుకోలేదు.

"వినబడిందా?" అని మళ్ళీ కేకేశాడు బాబాయి, ఈసారి గట్టిగా.

"వినబడింది" అంది అమ్మ. ఆ మాట బయటికి అనలేదు, మెల్లగా పిన్నితో అంది. ఇద్దరూ ఆరిపోయిన పొయ్యి ముందు అలాగే నిలబడ్డారు.